స్మోకీ అడవుల్లో ఆర్‌వీతో నాలుగు రాత్రులు: బండి పొడవు, కరెంటు, కొండదారి

మీ ప్రశ్న సారాంశం ఇది. అక్టోబరు రెండో సగంలో అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో నాలుగు రాత్రులు గడపాలనుకుంటున్నారు. మీ దంపతులు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారు, నాన్నగారు కలిపి ఆరుగురు. 31 అడుగుల మోటార్‌హోమ్, అంటే పడకలు, వంటగది ఉండే ఆర్‌వీ బండి ఒకటి అద్దెకు చూసుకున్నారు, పార్కంతా అందులోనే తిరగాలని అనుకుంటున్నారు. నాన్నగారు రాత్రిపూట సీపాప్ యంత్రం (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపేది) పెట్టుకుని నిద్రపోతారు. ఆర్‌వీ నడపడం మీకు ఇదే మొదలు.

ఈ పార్కుకు నేను పన్నెండేళ్ళుగా ఆర్‌వీలో వెళ్తున్నాను, అందులో రెండుసార్లు మా అత్తమామలతో. ఆ అనుభవంతో ముందుగా ఒక మాట చెబుతాను: స్మోకీస్‌లో ఆర్‌వీని తిరిగే బండిగా కాకుండా అడవిలో నిలిపి ఉంచే ఇల్లుగా లెక్కవేసుకోండి. ఎంత మంది పడుకోవాలన్నదాన్ని బట్టి కాదు, ఆ దారులు ఎంత బండిని భరిస్తాయి, కరెంటు లేని చోట ఆ బండి ఎన్ని గంటలు నడుస్తుంది అన్నదాన్ని బట్టి బండిని ఎంచుకోవాలి. మీరు 31 అడుగులది వదిలేసి 25 అడుగుల దగ్గర ఉండే క్లాస్ సీ బండిని (డ్రైవరు తలమీద కూడా ఒక పడక ఉండే రకం) తీసుకోండి, దానితోపాటు ఇంట్లో ఉన్న కారును ఇంకొకరు నడుపుకుంటూ తీసుకురండి. ఈ రెండు మార్పులు చేసుకుంటే మీ కష్టాలు సగానికి పైగా తీరిపోతాయి.

పొడవు సంగతి ముందు చూద్దాం. ఆర్‌వీలకు అనువుగా ఉండే పెద్ద క్యాంప్‌గ్రౌండ్లు మూడు: టెనెసీ వైపు కేడ్స్ కోవ్, ఎల్క్‌మాంట్, నార్త్ కరోలినా వైపు స్మోక్‌మాంట్. వీటిలో 31 అడుగుల బండి పట్టే జాగాలు ఉన్నాయి కాబట్టి మీరు చూసిన బండి నిషిద్ధమేమీ కాదు. అయితే ప్రతి జాగాకూ దాని పొడవు వేరు, కొన్నింటికి ఏటవాలు ఎక్కువ, మరికొన్నింటిని ఆనుకుని పెద్ద చెట్టు ఉంటుంది. రిక్రియేషన్ డాట్ గవ్ అనే బుకింగ్ వెబ్‌సైటులో జాగా బుక్ చేసేటప్పుడు ఆ జాగాలో బండి నిలిపే దారి పొడవు ఎంతో విడిగా రాసి ఉంటుంది. మీ బండి పొడవుకు మరో మూడు నాలుగు అడుగులు కలిపి చూసుకోండి. చిన్న బండికి ఎంచుకోవడానికి ఎన్నో జాగాలు దొరుకుతాయి, పెద్ద బండికి మిగిలిన వాటితో సర్దుకోవాలి. అక్టోబరులో మిగిలేవే తక్కువ. బుకింగ్ ఆరు నెలల ముందు తెరుస్తారు, అంటే అక్టోబరు రాత్రుల కోసం ఏప్రిల్‌లోనే కూర్చోవాలి.

ఒక జాగాలో ఆరుగురికి మించి ఉండకూడదన్నది పార్కు నిబంధన, మీరు సరిగ్గా ఆరుగురు. ఒక ఆర్‌వీతోపాటు ఒక టెంటు వేసుకోవచ్చు. మా పిల్లలకు పదేళ్ళు దాటాక టెంటులోనే పడుకుంటామని పట్టుబట్టేవారు, దానివల్ల లోపల పెద్దవాళ్ళకు చోటు కలిసివచ్చేది. 25 అడుగుల బండిలో వెనక మంచం మీ అమ్మగారికి, నాన్నగారికి ఇవ్వండి. డ్రైవరు తలమీద ఉండే పై పడకకు నిచ్చెన ఎక్కాలి కాబట్టి అది పెద్దవాళ్ళకు పనికిరాదు.

బండి ఖరారు చేసుకునే ముందు సీటు బెల్టులు లెక్కపెట్టండి. ఆరుగురు పడుకునే బండి అని రాసి ఉన్నంత మాత్రాన ఆరుగురు కూర్చుని ప్రయాణం చేసేందుకు బెల్టులు ఉంటాయని అర్థం కాదు. పిల్లల్లో ఎవరికైనా ఇంకా కారు సీటు అవసరమైతే, దాన్ని బిగించే కొక్కేలు భోజనాల బల్ల దగ్గరి సీటుకు ఉన్నాయో లేవో అడగండి, చాలా బండ్లలో అవి ఉండవు. మలుపుల దారిలో వెనక మంచం మీద ఎవరూ పడుకుని ప్రయాణం చేయకూడదు. నిద్రవస్తోందని పెద్దవాళ్ళు అడుగుతారు, అయినా ఒప్పుకోవద్దు. కారు కూడా వెంట ఉంటే ఈ ఇబ్బంది మొత్తం తప్పిపోతుంది.

ఇక అసలు విషయానికి, అంటే కరెంటుకు వస్తాను. మీ ప్రశ్నలో ఈ మాటే లేదు, అందుకే ఎక్కువగా రాస్తున్నాను. పైన చెప్పిన మూడు క్యాంప్‌గ్రౌండ్లలోనూ మామూలు జాగాల్లో ఆర్‌వీకి తగిలించుకునే కరెంటు గానీ, నీళ్ళ పైపు గానీ, మురుగు పైపు గానీ లేవు. మరుగుదొడ్లు ఉన్నాయి, కుళాయిల్లో చన్నీళ్ళు వస్తాయి, స్నానాల గదులు లేవు. బండిలో ఉన్న బ్యాటరీ, బండిలో ఉన్న నీళ్ళు, బండిలో ఉన్న గ్యాసు, అంతే మీ ఆస్తి. జనరేటరును ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు మాత్రమే నడపనిస్తారు, కొన్ని వరసల్లో అసలు నడపనివ్వరు. బుక్ చేసేటప్పుడు పొరపాటున జనరేటరు నిషేధం ఉన్న వరస తీసుకుంటే మీకు చాలా కష్టమవుతుంది, కాబట్టి ఆ వివరం చదివి తీరండి.

మా మొదటి అక్టోబరు యాత్రలో ఏం జరిగిందో చెబుతాను. స్మోక్‌మాంట్ దాదాపు 2,200 అడుగుల ఎత్తులో, ఏటి ఒడ్డున ఉంటుంది. పగలు చొక్కాతో తిరిగినా తెల్లవారుజామున నీళ్ళు గడ్డకట్టే చలికి దగ్గరగా వెళ్ళడం ఆ నెలలో మామూలే. హీటరు గ్యాసుతో నడుస్తుంది కదా, గ్యాసు నిండుగా ఉంది కదా అని 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పెట్టుకుని పడుకున్నాం. నాలుగు గంటలకు మా అత్తగారు లేపారు. హీటరు పంకా మూలుగుతున్నట్టు నెమ్మదిగా తిరిగి ఆగిపోతోంది, తలుపు దగ్గరున్న గ్యాసు అలారం బ్యాటరీ తగ్గిందని కీచుమంటోంది, దీపాలు ఎర్రబడ్డాయి. వేడి పుట్టించేది గ్యాసే అయినా ఆ వేడిని గదిలోకి నెట్టే పంకా నడిచేది బ్యాటరీ మీద అన్న సంగతి మాకు బండి అప్పగించినవారు చెప్పలేదు, మేమూ అడగలేదు. జనరేటరు వేయడానికి ఇంకా నాలుగు గంటలు ఆగాలి. ఆ నాలుగు గంటలూ డెబ్భై ఏళ్ళ మనిషి శాలువాలు కప్పుకుని కూర్చోవడం చూశాక, నేను ఇక ఏ యాత్రకూ లెక్క వేయకుండా బయలుదేరలేదు.

ఆ లెక్క తేలికైనదే. అద్దె బండ్లలో సాధారణంగా ఉండే సీసపు బ్యాటరీ 100 ఆంపియర్ అవర్లదైతే (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత ఇది) అందులో సగమే వాడుకోవాలి, అంతకంటే దించితే బ్యాటరీ పాడవుతుంది. అంటే చేతిలో ఉన్నది 50. హీటరు పంకా నడిచినంతసేపు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. పది గంటల చలిరాత్రిలో అది సగంసేపు నడిచినా 35 నుంచి 40 ఖర్చవుతాయి. ఫ్రిజ్ లోపలి సర్క్యూట్, గ్యాసు అలారం, దీపాలు, నీటి పంపు కలిసి మరో పది తీసుకుంటాయి. తెల్లవారేసరికి మీరు అంచు మీద ఉంటారు, ఇందులో సీపాప్ యంత్రం ఇంకా కలపలేదు.

కాబట్టి నాన్నగారి యంత్రానికి విడి ఏర్పాటు ఉండాలి, బండి బ్యాటరీ మీద దాన్ని ఆధారపడనివ్వవద్దు. చాలా యంత్రాలకు 12 వోల్టుల తీగ విడిగా దొరుకుతుంది. ఇన్వర్టరు ద్వారా నడిపితే మార్పిడిలో కొంత కరెంటు వృథా అవుతుంది, నేరుగా 12 వోల్టులతో నడిపితే ఆ నష్టం ఉండదు. యంత్రంలో ఎక్కువ కరెంటు తినేవి గాలిని తేమచేసే భాగం, గొట్టాన్ని వెచ్చచేసే భాగం. వాటిని ఆపి నడపవచ్చా అని వైద్యుణ్ణి ముందే అడిగి ఉంచుకోండి. ఆ రెండూ ఆపగలిగితే ఒక మోస్తరు పోర్టబుల్ లిథియం బ్యాటరీ రాత్రంతా సరిపోతుంది, పగలు జనరేటరు నడిచేటప్పుడు దాన్ని తిరిగి నింపుకోవచ్చు. హీటరును రాత్రి 58 లేదా 60 డిగ్రీల దగ్గర ఉంచి మందపాటి దుప్పట్లు వాడండి. సాయంత్రం 6 నుంచి 8 వరకు జనరేటరు వేసి బ్యాటరీని నిండుగా చేసుకుని రాత్రిలోకి వెళ్ళండి, ఉదయం 8 గంటలకు మళ్ళీ గంటసేపు వేయండి. జనరేటరు బండి పెట్రోలు ట్యాంకు నుంచే ఇంధనం తీసుకుంటుంది, ట్యాంకు పావువంతుకు దిగితే దానంతట అదే ఆగిపోతుంది. పార్కు లోపల పెట్రోలు బంకులు లేవు కాబట్టి బయటి ఊళ్ళైన చెరోకీలోనో, గాట్లిన్‌బర్గ్‌లోనో, టౌన్సెండ్‌లోనో ట్యాంకు నింపుకునే లోపలికి వెళ్ళాలి.

నీళ్ళ విషయంలో మనవాళ్ళు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. మంచినీళ్ళ ట్యాంకు ఎన్ని గ్యాలన్లదో చూస్తారు గానీ, వాడిన నీళ్ళు చేరే ట్యాంకు ఎంతదో చూడరు. ముందుగా నిండేది అదే. ఆరుగురికి మూడుపూటలా వండి గిన్నెలు లోపలి సింకులో కడిగితే రెండో రోజుకే అది నిండి, స్నానాల తొట్టిలోకి ఎగదన్నుతుంది. గిన్నెలను ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తలో వేసి, తరువాత తక్కువ నీళ్ళతో కడగండి. పగలు అందరూ క్యాంప్‌గ్రౌండు మరుగుదొడ్లే వాడితే బండిలోనిది రాత్రి పెద్దవాళ్ళ కోసం మిగులుతుంది. మురుగు వదిలే స్టేషన్లు స్మోక్‌మాంట్‌లోనూ కేడ్స్ కోవ్‌లోనూ ఉన్నాయి, ఎల్క్‌మాంట్‌లో లేదు. ఆ స్టేషన్లలో మరుగుదొడ్డి ట్యాంకును ముందు వదిలి, ఆ తరువాత వాడిన నీళ్ళ ట్యాంకును వదలండి. రెండోదాని నీళ్ళు పైపును కడిగేస్తాయి.

ఇక దారులు. పార్కును అడ్డంగా దాటే రోడ్డు ఒక్కటే, యూఎస్ 441, దాన్నే న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు అంటారు. రెండు రాష్ట్రాల సరిహద్దు మీద 5,046 అడుగుల ఎత్తున ఉన్న కనుమను దాటుతుంది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1940 సెప్టెంబరులో పార్కును జాతికి అంకితం చేసింది ఆ కనుమ దగ్గరే. ఆర్‌వీలు ఈ రోడ్డు మీద నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. ఎక్కడం కష్టం కాదు, ఇంజను అరుస్తుంది, అరవనివ్వండి. జాగ్రత్త దిగేటప్పుడు. కనుమ నుంచి గాట్లిన్‌బర్గ్ వైపు షుగర్‌ల్యాండ్స్ సందర్శకుల కేంద్రం దాకా పదమూడు మైళ్ళలో దాదాపు మూడున్నర వేల అడుగులు దిగాలి. మధ్యలో రోడ్డు గుండ్రంగా తిరిగి తన కిందనుంచి తానే పోయే మెలిక ఒకటి ఉంటుంది. బ్రేకు మీద కాలు ఉంచి దిగితే సగం దూరానికే కాలిన వాసన వస్తుంది. టో-హాల్ మీట (దిగుడులో ఇంజనుతోనే వేగం అదుపు చేసే ఏర్పాటు) నొక్కి, కనుమ దగ్గరే చిన్న గేరులోకి దించి, వేగం పెరిగినప్పుడు మాత్రం బ్రేకును గట్టిగా ఒకసారి నొక్కి పూర్తిగా వదిలేయండి. వెనక కార్లు చేరితే ఖాళీ జాగా చూసి ఆపి దారి ఇవ్వండి, తొందరపడి వేగం పెంచవద్దు.

షుగర్‌ల్యాండ్స్ నుంచి కేడ్స్ కోవ్ వైపు వెళ్ళే లిటిల్ రివర్ రోడ్డు ఒకప్పుడు కలప మోసిన రైలు పట్టాల మీద వేసిన రోడ్డు. ఏరు ఎటు తిరిగితే రోడ్డు అటే తిరుగుతుంది, ఒక పక్క నీళ్ళు, మరో పక్క కొండరాయి. అక్కడక్కడ ఆ రాయి రోడ్డు మీదికి వంగి ఉంటుంది. పదకొండు అడుగుల ఎత్తున్న బండి కుడి పైమూలకు రాయి తగలకుండా, ఎడమ గీత దాటకుండా నడపాలి. 25 అడుగుల బండికి ఇది ఓపిక పరీక్ష, 31 అడుగుల బండితో మొదటిసారి నడిపేవారిని నేను ఇక్కడికి పంపను. రోరింగ్ ఫోర్క్, రిచ్ మౌంటెన్ వంటి సన్నటి దారుల్లోకి మోటార్‌హోమ్‌లను అసలు రానివ్వరు. ఫోన్ సిగ్నలు ఎక్కువ చోట్ల అందదు, మ్యాపులను ముందే దించుకోండి. ఫోను చూపే దగ్గరి దారిని నమ్మి ఆర్‌వీని పక్కరోడ్లలోకి తిప్పవద్దు.

నా సలహా ప్రకారం మొదటి రెండు రాత్రులు స్మోక్‌మాంట్‌లో, తరువాతి రెండు కేడ్స్ కోవ్‌లో ఉండండి. కొండను ఆర్‌వీతో ఒక్కసారే, మూడో రోజు ఉదయం ఎనిమిదికల్లా బయలుదేరి దాటండి. స్మోక్‌మాంట్‌లో జనరేటరు ఎనిమిదికి ముందు వేయలేరు కాబట్టి, ఆ రోజు బ్యాటరీ నింపే పని బండి ఇంజనే దారిలో చేసిపెడుతుంది. తక్కిన తిరుగుడంతా కారులోనే. పార్కుకు ప్రవేశ రుసుము లేదు. అయితే 2023 మార్చి నుంచి పావుగంటకు మించి ఎక్కడ బండి ఆపినా పార్కింగ్ ట్యాగు కావాలి: రోజుకు 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. మీ క్యాంపు జాగాలో నిలిపిన ఆర్‌వీకి అది అవసరం లేదు, కారుకు వారం ట్యాగు తీసుకుంటే చాలు. అక్టోబరు వారాంతాల్లో నడకదారుల దగ్గర కార్లకే చోటు దొరకదు, ఆర్‌వీకి ఆశ పెట్టుకోవద్దు.

స్మోక్‌మాంట్‌లో ఉన్నప్పుడు సాయంత్రం అయిదు గంటలకు మూడు నాలుగు మైళ్ళ దూరంలోని ఓకనలఫ్టీ పచ్చికబయలుకు అమ్మగారిని, నాన్నగారిని తీసుకెళ్ళండి. 2001లో ఈ పార్కుకు తిరిగి తెచ్చిన ఎల్క్ దుప్పులు మేతకు అక్కడికి వస్తాయి. అక్టోబరులో మగ ఎల్క్ కూత వినబడవచ్చు. అంత పెద్ద జంతువు గొంతులోంచి వేణువు ఊదినట్టు సన్నగా మొదలై, చివర దగ్గులా తెగిపోతుంది. కనీసం 50 గజాల దూరం ఉండాలి, ఎలుగుబంట్లకూ అదే నియమం. నడక అక్కర్లేదు, కారు పక్కనే నిలబడి చూడవచ్చు.

కువోహి శిఖరం 6,643 అడుగులు, పార్కులో అన్నిటికంటే ఎత్తైనది. 2024 దాకా దాన్ని క్లింగ్మన్స్ డోమ్ అనేవారు, ఇప్పుడు చెరోకీ ప్రజల పాత పేరే తిరిగి పెట్టారు. కారు ఆగిన చోటు నుంచి, చుట్టూ చూడటానికి శిఖరం మీద కట్టిన బురుజు దాకా అరమైలే, కానీ నిటారు ఎక్కుడు. మోకాళ్ళ నొప్పులున్నవారు కింద ఆగినా లోటేమీ లేదు, కారు దిగినచోటే కొండల వరసలు కనిపిస్తాయి. కింద చల్లగా ఉంటే పైన అంతకంటే 10 నుంచి 20 డిగ్రీలు తక్కువ ఉంటుంది, స్వెట్టర్లు కారులోనే ఉంచండి. ఆకుల రంగు కూడా ఈ ఎత్తును బట్టే నడుస్తుంది. మీరు వెళ్ళేసరికి శిఖరాల మీద ఆకు రాలిపోయి, రంగు నడిమి కొండల నుంచి లోయల్లోకి దిగుతూ ఉంటుంది.

ఆ శిఖరం మీద బూడిదరంగు మోళ్ళు నిలబడి ఉంటాయి, పిల్లలు తప్పక అడుగుతారు. అవి ఫ్రేజర్ ఫర్ చెట్లు, బయటి దేశం నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు రసం పీల్చి చంపినవి. హెమ్‌లాక్ చెట్లకు మరో పురుగు పట్టింది, యాష్ చెట్లకు ఇంకొకటి. అంతకు ముందే చెస్ట్‌నట్ చెట్లు తెగులుకు పోయాయి. 2015 నుంచి బయటి కట్టెలను పార్కులోకి తేకూడదన్న నిబంధన ఇందుకే వచ్చింది. వేడిచేసి పురుగు చంపినట్టు ముద్ర ఉన్న కట్టెల మూటలనే నెగడుకు తీసుకురావాలి, లేదా పార్కులో నేల మీద పడి ఉన్న పుల్లలు ఏరుకోవచ్చు. ఇంటి వెనక కొట్టిన కట్టెలు ఖాళీగా ఉన్నాయి కదా అని దయచేసి తేవద్దు. ఒక్క మోపులో దాక్కున్న పురుగు ఒక లోయలోని చెట్లన్నిటినీ తినేయగలదు. ఇది నేను ఎవరికైనా చేతులు జోడించి చెప్పే మాట.

ఎలుగుబంట్ల గురించి అమ్మగారు భయపడుతున్నారని రాశారు. ఈ పార్కులో నల్ల ఎలుగులు దాదాపు 1,900 ఉన్నాయి, అవి మనకోసం రావు, తిండి వాసనకోసం వస్తాయి. తిన్న వెంటనే బల్ల తుడిచి, నూనె సీసా, పోపు గిన్నె, చెత్తసంచి, ఐస్‌పెట్టెతో సహా అన్నీ గట్టి గోడలున్న బండిలోకి చేర్చి తలుపు వేయాలి. పిల్లలు టెంటులో పడుకుంటే వాళ్ళ జేబుల్లో చాక్లెట్లు లేకుండా చూడండి. పళ్ళపొడి, సబ్బు కూడా టెంటులో ఉండకూడదు.

కేడ్స్ కోవ్‌లో 11 మైళ్ళ చుట్టుదారి ఉంది, ఒకవైపే నడిచే రోడ్డు. అక్టోబరు శనివారం మధ్యాహ్నం ఒక ఎలుగు కనిపిస్తే మైలు పొడవునా కార్లు ఆగిపోతాయి. అక్కడే క్యాంపులో ఉండటం వల్ల మీకు కలిగే లాభమేమిటంటే, సూర్యోదయానికి గేటు తెరవగానే కారుతో ముందు వరసలో ఉండవచ్చు. పొగమంచు గడ్డి మీదనుంచి లేవకముందే సగం దూరం వెళ్తారు. అంత పొద్దున్నే అమ్మగారికి, నాన్నగారికి కష్టమైతే, మధ్యలో అడ్డంగా ఉండే స్పార్క్స్ లేన్, హయట్ లేన్ అనే దారుల్లో దేన్లోనైనా తిరిగి త్వరగా వచ్చేయవచ్చు.

జాగాలోకి వెనక్కి తీసేటప్పుడు ఒకరు కింద దిగి, డ్రైవరు వైపు అద్దంలో కనిపించేలా నిలబడాలి. కనిపించకపోతే డ్రైవరు వెంటనే ఆపాలి. నిలబడినవారు నేలను మాత్రమే కాదు, పైన కొమ్మలను కూడా చూడాలి, అద్దె బండ్లకు దెబ్బ తగిలేది ఎక్కువగా పైకప్పు ఏసీ దగ్గరే. వెనక చక్రాల తరువాత ఉన్న భాగం మలుపులో బయటికి ఊగుతుంది కాబట్టి పెట్రోలు బంకు స్తంభం పక్కనుంచి కదిలేటప్పుడు కొంచెం ముందుకు పోనిచ్చి తరువాత తిప్పండి. ఆపాక చక్రాల కింద పలకలు వేసి బండిని సమం చేయండి. గ్యాసుతో నడిచే పాతరకం ఫ్రిజ్‌లు వాలుగా ఉంటే చల్లబడవు.

కేడ్స్ కోవ్‌లో జాగా దొరక్కపోతే స్మోక్‌మాంట్‌లోనే నాలుగు రాత్రులూ ఉండి, కేడ్స్ కోవ్‌కు ఒకరోజు కారులో వెళ్ళి రండి. ఏది దొరికినా బండి చేతికొచ్చిన మొదటి రాత్రి పార్కుకు వెళ్ళకుండా మీ ఇంటి ముందే నిలపండి. జనరేటరు ఆపి, హీటరు 60 డిగ్రీలకు పెట్టి, నాన్నగారిని ఆయన యంత్రంతో అందులోనే పడుకోబెట్టి, మీరూ పక్కన పడుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బ్యాటరీ మీటరు ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఆ అంకె ఇక్కడ తెలియజేస్తే, ఇంకో బ్యాటరీ కావాలో అక్కర్లేదో లెక్కవేసి చెబుతాను.